గాజు పచ్చబడిన నెల

తప్పంతా ఉప్పుదేనని తేల్చేసుకుని డాక్టర్ హైమవతి రెండు నెలలుగా ఉప్పు వెంట పడింది. రాళ్ళ ఉప్పు, మెత్తటి ఉప్పు, సీసాల్లో పట్టి తెప్పించిన సముద్రపు నీళ్ళు, ఎండుచేపల బుట్టల అడుగున మిగిలే తెల్లటి పొడి, అన్నీ ఆవిడ బల్ల మీదే ఉన్నాయి. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ పరిశోధనాలయం రెండో అంతస్తులోకి ఎవరొచ్చినా ముక్కు మూసుకుంటున్నారు. టీ తెచ్చే ఆవిడైతే గుమ్మంలోనే గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోతోంది.

"ఇవాళ్టికి తీసెయ్యమంటారా మేడం?" అంటూ సత్తిబాబు రెండు చేతులూ చాపాడు.

యాభై దాటిన ల్యాబ్ టెక్నీషియన్. గుబురు మీసాలు. చేతులకి మాత్రం చెరో మూడు గాజులు. వాటితో ఉప్పునీళ్ళలో చేతులు ముంచడం, మేడ మీద ఎండలో నిలబడి చెమట పట్టించడం, మళ్ళీ వచ్చి ముంచడం. మూడు రోజులుగా ఆయన ఉద్యోగం ఇదే.

"ఏం, బిగుతుగా ఉన్నాయా?"

"బిగుతు కాదండి. పొద్దున్న బస్సులో ఒకావిడ నా చేతులు చూసి ఆడవాళ్ళ సీటు చూపించిందండి. మా ఆవిడ రేపట్నుంచి పూలు కూడా పెట్టి పంపిస్తానంటోంది."

ఇంకో రోజైతే హైమవతి పగలబడి నవ్వేది. ఇప్పుడు మాత్రం గాజుల్ని ఒక్కొక్కటే తీసి దీపం కింద పెట్టి చూసింది. ఆరూ తెల్లగానే ఉన్నాయి. ఒక్కటి పచ్చబడితే చాలునని ఆవిడ ఎదురుచూస్తుంటే, ఒక్కటీ పచ్చబడి చావడం లేదు. తాను చేసిన వస్తువు చెడిపోవాలని ఇంతగా కోరుకోవలసి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

పైకి చూస్తే అది మామూలు గాజే. లోపలి అంచు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, ఆ గాడిలో బతికున్న కణాల పొర ఒకటి. ఒంటి వేడి మీద బతుకుతుంది, చెమట తాగుతుంది. చెమటలో గర్భం హార్మోను లేశమాత్రం ఉన్నా పచ్చబడుతుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. చేతి నుంచి తీసి మూడు రోజులు పక్కన పడేస్తే ఆ పొర చచ్చిపోతుంది. ఫోను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలునని హైమవతి వెళ్ళిన చోటల్లా చెప్పుకునేది. పదకొండేళ్ళ కష్టం మరి, చెప్పుకోదా.

ముత్యాల గర్భం పోగొట్టుకున్న ఆడవాళ్ళ కోసం చేసిందా గాజు. ఆ గర్భంలో బిడ్డ ఉండదు. మాయ ఒక్కటే ద్రాక్షగుత్తిలా పెరిగిపోతుంది. ఆసుపత్రిలో శుభ్రం చేసి ఇంటికి పంపుతారు. చాలామందికి అక్కడితో సరి. ఏ కొద్దిమందికో మిగిలిపోయిన మాయ కణం క్యాన్సరై కూర్చుంటుంది. తల్లి రక్తనాళాల్ని తొలుచుకుంటూ పోవడం మాయకి పుట్టుకతో వచ్చిన విద్య. క్యాన్సరయ్యాక కూడా ఆ విద్య మరిచిపోదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మెదడులోకి పోతుంది, అక్కడి నాళాన్నీ తొలిచి పగలగొడుతుంది. పాతికేళ్ళు నిండని పిల్లలు పక్షవాతంతో పడిపోతే, కారణం గర్భసంచిలో పుట్టిందని ఎవరికి తడుతుంది? కడుపు మండే సంగతేమిటంటే, ముందుగా పట్టుకుంటే ఇంత తేలిగ్గా మందులకి లొంగే క్యాన్సర్లు చాలా తక్కువ. ఒంట్లో అది ఉన్నంతకాలం గర్భం హార్మోను ఊరుతూనే ఉంటుంది కాబట్టి, గాజు దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

శ్రీకాకుళం తీరంలో రెండు వందల పన్నెండు మందికి గాజులు తొడిగి, ప్రతి సోమవారం ఇంట్లో ఎవరి ఫోనుతోనైనా గాజుకి ఫోటో తీసి పంపమన్నారు. రెండు వందల పదకొండు గాజులు చెప్పినట్టు విన్నాయి. నూట పద్దెనిమిదో నంబరు ఒక్కటే ఎదురు తిరిగింది.

నూట పద్దెనిమిది అంటే నూకరత్నం, చేపలు పట్టే జాలారుల పిల్ల, ఇరవై మూడేళ్ళు. జూన్‌లో ముత్యాల గర్భం పోయింది. సెప్టెంబరుకల్లా గాజు తెల్లబడింది. నవంబరు మొదటి సోమవారం మళ్ళీ పచ్చబడింది. హైమవతి వెంటనే ఆ ఊరి నర్సు ఈశ్వరమ్మకి ఫోను చేసి, ఆ అమ్మాయిని రక్తపరీక్షకి తీసుకురమ్మంది. అమ్మాయి పుట్టింటికి వెళ్ళిందని అత్తగారు చెప్పిందట. తర్వాతి సోమవారం రావలసిన ఫోటో ఆలస్యమై పదకొండో రోజున వచ్చింది. గాజు మంచులా తెల్లగా ఉంది.

క్యాన్సరైతే దానంతటది తగ్గదు. నిజం గర్భమే వచ్చి పోయినా హార్మోను పదకొండు రోజుల్లో మాయమైపోదు. కాబట్టి తప్పు గాజుదేనని హైమవతి తీర్మానించింది. రక్తపరీక్ష ఇక అక్కర్లేదని ఈశ్వరమ్మకి చెప్పేసింది కూడా. చేపలు ఆరబెట్టే పిల్ల, చేతులు పొద్దస్తమానం ఉప్పులో నానుతుంటాయి, ఆ ఉప్పే పొరని ఏదో చేసి ఉంటుందని అనుకుంది. జిల్లా అంతటా గాజులు పంచాలా వద్దా అని మార్చిలో తేల్చబోయే కమిటీ కూడా ఒకే ఒక్క ప్రశ్న పంపింది, నూట పద్దెనిమిదికి కారణం చెప్పమని.

ఇంట్లోనూ ఇదే గోల. ఆ వారమే భర్త, పప్పులో ఉప్పు ఎక్కువైందని మామూలుగా అన్న మాటకి ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయింది. పాపం, ఆయన ఆ రోజు నుంచి నోరు కట్టుకుని చప్పిడి తింటున్నాడు.

ఫిబ్రవరి మొదటి మంగళవారం పొద్దున్నే ఈశ్వరమ్మ ఫోను చేసింది.

"మేడమండీ, నూట పద్దెనిమిది పిల్ల, మన రత్నం, మీ ఊళ్ళోనే పెద్దాసుపత్రిలో ఉన్నాదటండి. శనివారం నూతి కాడ పడిపోయినాదట. మూతి వొంకర పోయినాది, కుడి సెయ్యీ కాలూ పడిపోనాయి. మాట నేదు. నాకు ఇప్పుడే తెలిసింది."

"గాజు?" అంది హైమవతి. మనిషెలా ఉందని కాదు, ముందు గాజునే అడిగింది. ఆ మాటకి తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

"గాజు తెల్లగానే ఉన్నాది గదండీ. నిన్న సోమారం గదా, ఫోటో పంపమని ఆళ్ళత్తకి ఫోన్ సేసినాను. పంపినాది. మీకూ వొచ్చుంటాది."

హైమవతి కంప్యూటరు తెరిచింది. ఫోటో వచ్చింది. తెల్లగానే ఉంది. అయితే గాజు వెనకాల గోడకి ఆకుపచ్చ రంగు పలకలు కనపడ్డాయి. ఊళ్ళో తీసింది కాదు, ఆసుపత్రిలో తీసింది.

ముత్యాల గర్భం పోయిన పిల్ల పక్షవాతంతో పడిపోతే ఆ చేతి గాజు పచ్చగా ఉండాలి, తెల్లగా కాదు. ఫోటోల్లో గాజు భాగం కత్తిరించుకుని రంగు లెక్కగట్టే ఏర్పాటొకటి కంప్యూటర్లో ఉంది. ముఖం కనపడకూడదని నియమం రాసింది హైమవతే. చర్మం రంగు లెక్క పాడుచేస్తుందని చేతిని కూడా కత్తిరించెయ్యమని చెప్పిందీ హైమవతే. ఇప్పుడు కత్తిరించకముందున్న ఫోటోలు బయటికి తీసింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మొదటి వారం వరకూ నున్నటి, గుండ్రటి మణికట్టు. తర్వాతివన్నీ వేరే చెయ్యి. నరాలు తేలి, ముడతలు పడి, మణికట్టు పక్కన ఎప్పుడో కాలిన మచ్చతో.

"సత్తిబాబుగారూ, ఇలా రండి. ఇది ఎవరి చెయ్యి?"

ఆయన వంగి చూశాడు. "ఎవరో ముసలావిడదండి. ఏం మేడం?"

ఎవరైనా చెప్పగలిగిన మాట. మూడు నెలలుగా ఆ ఫోటోల్ని రోజూ చూస్తూ, గాజు రంగులో వీసమెత్తు తేడా కూడా పట్టుకోగలిగిన మనిషికి ఆ చెయ్యి కనపడలేదు. హైమవతి బల్ల మీద ఉప్పు గిన్నెని చేత్తో ఒక్క తోపు తోసింది. గది నిండా ఉప్పు పడింది. సత్తిబాబు ఏమీ అడగకుండా చీపురు తెచ్చుకున్నాడు.

నరాల వార్డు బయట బెంచీ మీద అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. రత్నం అత్తగారు. యాభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి. హైమవతి ఎదురుగా నిలబడేసరికి కొంగు ఎడంచేతి మీదికి లాక్కుంది.

"చెయ్యి చూపించమ్మా" అంది హైమవతి.

"ఎందుకండీ?"

"చూపించు."

అప్పలనరసమ్మ చూపించలేదు. హైమవతి వంగి తానే కొంగు తొలగించింది. అక్కడుంది నూట పద్దెనిమిది.

"నానే ఏసుకున్నానమ్మా" అంది అప్పలనరసమ్మ చివరికి, నేల చూస్తూ. "మావోడు ఆగస్టులో గుజరాతు ఎల్లిపోనాడు, బోటు మీదికి. మే నెల దాకా రాడు. ఆడు ఎల్లిన మూడో నెలలో దాని సేతి మీద గాజు పచ్చబడినాది. నర్సమ్మ ఏటి సెప్పినాది? కడుపుంటే పచ్చగుంటాదని సెప్పినాది గదా. ఊరందరికీ తెలుసు ఆ సంగతి. ఆ పచ్చ గాజేసుకుని ఆ గుంట ఈదిలోకి ఎలాగెల్తాది?"

"పచ్చబడితే వెంటనే నర్సు దగ్గరికి రమ్మని కూడా చెప్పాం కదా."

"వొస్తే కడుపని రాసీస్తారు గదా. రాసినాక ఇంకేటున్నాది." అప్పలనరసమ్మ గొంతు తగ్గించింది. "ఒట్లేసినాది. గంగమ్మ మీద, మొగుడి మీద ఒట్లేసినాది. నాను నమ్మనేదు. కానీ బైట పెట్టనేదమ్మా. తప్పు సేసినా నా ఇంటి పిల్లే. సబ్బు రాసి గాజు తీసి నా సేతికి ఎక్కించుకున్నాను. తీసి పారీస్తే సచ్చిపోద్దన్నారు గదా, అందుకని. నా సేతి మీద తెల్లబడిపోనాది. దాన్ని పుట్టింటికి పంపినానని అందరికీ సెప్పి ఇంట్లోనే ఉంచినాను. నువ్వులూ బెల్లమూ పెట్టినాను, ఏవో పసర్లు పోయించినాను. నెత్తురు పోయినాది. పోనీలే, గండం గడిచిందనుకున్నాను."

హైమవతికి ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణం తన చెంప పగలగొట్టుకోవాలనిపించింది. ఆ నెత్తురు కడుపు పోయినందుకు వచ్చింది కాదు, క్యాన్సరు తొలిచినందుకు వచ్చింది. మూడు నెలలుగా గాజు నిజం చెబుతోంది. ఒకరు దాన్ని దాచారు, ఇంకొకరు దాన్ని ఉప్పులో ముంచారు.

వార్డు డాక్టరు కుర్రవాడే కానీ జాగ్రత్త ఉన్న మనిషి. హైమవతి చెప్పింది విని నుదురు కొట్టుకున్నాడు. "నేను అడిగానండి. గర్భం ఏమైనా అని అడిగాను. భర్త ఆగస్టు నుంచి ఊళ్ళో లేడన్నారు, నెలసరి సరిగ్గానే ఉందన్నారు. ఇంక గుచ్చి గుచ్చి అడిగితే బావుండదనుకున్నాను. ఇప్పుడే పరీక్ష చేయిద్దాం."

ఆ మాట అప్పలనరసమ్మ చెవిన పడింది. లేచి వచ్చి డాక్టరు కాళ్ళ మీద పడబోయింది. "వొద్దు బాబూ. మావోడు రైల్లో ఉన్నాడు. ఎల్లుండికి దిగుతాడు. ఆడొచ్చేసరికి ఆ కాయితం మీద కడుపని ఉంటే దాన్ని ఒగ్గేస్తాడు. కాలూ సెయ్యీ నేని గుంట ఎక్కడికి పోద్ది?"

"ఎల్లుండికి ఉండాలి కదా ఆ పిల్ల" అంది హైమవతి కోపంగా. "అమ్మా, విను. అది కడుపు కాదు. జూన్‌లో పోయిందే, ఆ మాయ ముక్క ఒంట్లో ఉండిపోయి మెదడుకి ఎక్కింది. అది ఉన్నా గాజు పచ్చబడుతుంది. మొగుడు పక్కనున్నా లేకపోయినా పచ్చబడుతుంది. ఈ పరీక్ష చేస్తే మందు దొరుకుతుంది. చెయ్యకపోతే తలలో ఇంకో నాళం పగులుతుంది."

అప్పలనరసమ్మ తలెత్తి ఆవిడ ముఖంలోకి చూసింది.

"అంటే ఆ గుంట ఏ తప్పూ సెయ్యనేదా?"

"చెయ్యలేదు."

అప్పలనరసమ్మ బెంచీ మీద కూర్చోబోయి, బెంచీ అందక నేల మీదే కూలబడింది. ఏడవలేదు. గాజు ఉన్న చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పరీక్ష పట్టీ మీద రెండు గీతలు రావడానికి నిమిషం పట్టలేదు. రక్తంలో హార్మోను లక్షల్లో ఉంది. ఛాతీ ఫోటోలో ఊపిరితిత్తుల నిండా దూదిపింజల్లాంటి మచ్చలు. ఆ సాయంత్రమే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. బతికించవచ్చునని డాక్టరు అన్నాడు. చెయ్యీ కాలూ కొంత రావచ్చునన్నాడు. మాట సంగతి చెప్పలేనన్నాడు. నవంబరులోనే వచ్చి ఉంటే అన్న మాట ఆయన అనలేదు. అనకపోయినా హైమవతికి వినపడింది.

గురువారం మధ్యాహ్నం ధనరాజు వచ్చాడు. మూడు రోజుల రైలు దుమ్ము ఒంటి మీద అలాగే ఉంది. హైమవతి అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పింది. అతను తల వంచుకుని అంతా విన్నాడు.

"నాకు ఒక్క ఫోను సేసుంటే సరిపోను గదండీ" అన్నాడు. "నాను దాన్ని అనుమానిస్తానని ఆళ్ళకెవులు సెప్పినారు? ఎవులూ నన్ను అడగనేదు. అమ్మా అడగనేదు, మీరూ అడగనేదు."

లోపలికి వెళ్ళి అతను భార్య మంచం పక్కన కూర్చున్నాడు. తల్లితో ఆ రోజంతా మాట్లాడలేదు.

మార్చిలో కమిటీ కూర్చుంది. నూట పద్దెనిమిది మీద హైమవతి రాసిన ఇరవై పేజీల నివేదిక చదివి ఒకాయన ముఖం వెలిగిపోయింది. "అంటే మీ గాజు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదన్నమాట. రెండు వందల పన్నెండుకి రెండు వందల పన్నెండు. అభినందనలు."

"గాజు చెప్పింది నిజమే. ఆ నిజం చేతి మీద అందరికీ కనపడేలా పెట్టాన్నేను. రంగు మార్చాలి, లేదా కనపడకుండా చెయ్యాలి. అప్పటిదాకా పంచకండి" అంది హైమవతి.

"ఎంతకాలం పడుతుంది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళలో ఇంకెంతమంది పోతారో మీకే తెలుసు కదా డాక్టర్‌గారూ. నర్సులకి శిక్షణ ఇద్దాం. జనానికి అవగాహన కల్పిద్దాం."

ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. అదే ఆవిడ ఒళ్ళు మండించింది. ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా సంతకం పెట్టి బయటికి వచ్చింది. మెట్ల దగ్గర సత్తిబాబు ఎదురుచూస్తున్నాడు. "ఒప్పుకున్నారాండీ?" అని అడిగాడు. "ఒప్పుకున్నారు" అంది, చెడ్డ వార్త చెప్పినట్టు.

ఏప్రిల్ చివరికి రత్నం మంచం మీద లేచి కూర్చుంటోంది. జుట్టంతా రాలిపోయి, తల మీద కొత్తగా నూగు వస్తోంది. కుడి కాలు కొంచెం కదుపుతోంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంటోంది. హార్మోను దాదాపు సున్నాకి దిగింది. ఇంకో వారంలో ఇంటికి పంపవచ్చునన్నారు. మళ్ళీ తిరగబెట్టకుండా ఏడాదిపాటు కనిపెట్టి ఉండాలి.

అందుకని హైమవతి ఒక కొత్త గాజు తెచ్చింది. పొర చావకుండా దార్లో తన చేతికే వేసుకుని వచ్చింది.

అప్పలనరసమ్మ కోడలికి గంజి తాగిస్తోంది. ఈ రెండున్నర నెలల్లో ఆవిడ ఇంటి ముఖం చూడలేదు.

"మాట ఏమైనా వచ్చిందా?" అని అడిగింది హైమవతి.

"ఒక్కటొచ్చింది తల్లీ." అప్పలనరసమ్మ చెంచా గిన్నెలో పెట్టింది. "కాదు అంటాది. అదొక్కటే. ఆకలేస్తందా అంటే కాదు అంటాది, పెడితే తింటాది. నీళ్ళు కావాలా అంటే కాదు అంటాది, ఇస్తే తాగుతాది. మొగుడొచ్చినాడే అంటే కాదు అంటూ నవ్వినాది. ఆ నెలల్లో నాను ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే మాట సెప్పినాది. ఇప్పుడు దాని నోట్లో అదే మిగిలినాది."

హైమవతి మంచం పక్కన కూర్చుంది. తన చేతి గాజు తీసి రత్నానికి కనపడేలా పట్టుకుంది.

"రత్నం, ఇది పెట్టుకుంటే, జబ్బు మళ్ళీ వస్తే ముందే తెలిసిపోతుంది. పెట్టనా?"

రత్నం గాజు వంక చూసింది. అత్త వంక చూసింది. ఆ తర్వాత హైమవతి వంక చూసింది, చాలాసేపు.

"కాదు" అంది.

"పెట్టీయండమ్మా" అంది అప్పలనరసమ్మ తొందరపడుతూ. "దానికి వొచ్చిందే ఆ ఒక్క మాట. అవునన్నా అలగే అంటాది. దాని మంచికే గదా. ఏదీ, నాను పట్టుకుంటాను సెయ్యి."

రత్నం ఎడంచెయ్యి, ఆ పిల్లకి మిగిలిన ఒకే ఒక్క చెయ్యి, దుప్పటి కిందికి వెళ్ళిపోయింది.

హైమవతి గాజుని సంచిలో పడేసింది. వారం వారం ఇంటికి వెళ్ళి రత్నం రక్తం తీసుకురమ్మని ఈశ్వరమ్మకి చెప్పాలి. అరవై మైళ్ళ దూరం, ఏడాదికి యాభై రెండుసార్లు. ఎవరో ఒకరు తిరుగుతారు. ఎవరూ తిరగకపోతే తానే తిరుగుతుంది.

"కాదంటోందమ్మా" అంది అప్పలనరసమ్మతో. "ఈసారైనా విందాం."